కిలోల లెక్క మానేయండి

నగరంలో ఫుడ్ బ్యాంకులు నడుపుతున్న కమిటీల పెద్దలకు, వాటికి గోడౌన్లూ గ్రాంట్లూ ఇస్తున్న నగరపాలక అధికారులకు

నమస్కారం.

దుకాణాల్లో, కంపెనీల్లో మిగిలిన తిండి తెచ్చి అవసరమైనవాళ్లకి ఉచితంగా పంచే మన ఫుడ్ బ్యాంక్ గోడౌన్ గోడకి ఒక తెల్లబోర్డు ఉంది. దాని మీద నీలం మార్కర్‌తో ఈ నెల ఎన్ని కిలోల ఆహారం పంచామో రాస్తారు. నెలాఖరున తుడిచి కొత్త అంకె వేస్తారు. అంకె పెరిగితే దాని ముందు నిలబడి ఫొటో దిగుతారు, తగ్గితే మీటింగ్ పెడతారు. నాలుగేళ్లుగా ప్రతి శనివారం ఆ బోర్డు కిందే నిలబడి సరుకు వేరుచేస్తున్నాను. అంతకుముందు మూడు నెలలు బల్లకి అవతలివైపు, సంచి పట్టుకుని క్యూలో ఉన్నాను. రెండు వైపులా నిలబడి చూసిన మనిషిగా అడుగుతున్నాను. ఆ అంకె రాయడం ఆపేయండి.

ముందే చెప్పేస్తాను, మీ మీద నాకు కోపం లేదు. ఉద్యోగం పోయిన ఆ మూడు నెలలూ మా ఇంట్లో పొయ్యి వెలిగిందంటే మీ వల్లే. అందుకే ఈ ఉత్తరం రాయడానికి ఇంతకాలం వెనకాడాను, పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్టు ఉంటుందేమోనని. కాకపోతే ఆ సామెతలో పోట్లాడేవాడికి కొలత తక్కువైందని బాధ. నాకు కొలత గురించి బెంగ లేదు. కుంచం నిండుగానే ఉంది. అందులో ఏం పోస్తున్నారన్నదే నా గొడవ.

సరుకు రాగానే ఏం జరుగుతుందో మీలో కొందరికి తెలిసి ఉండకపోవచ్చు, ఎందుకంటే కమిటీ మీటింగ్ పైఅంతస్తులో జరుగుతుంది. లారీ నుంచి దించిన ప్రతి ట్రాలీ ముందు కాటా ఎక్కుతుంది. కాటా దగ్గర కూర్చున్న అబ్బాయి బరువు రాసుకుంటాడు. ట్రాలీలో ఏముందో ఆ పుస్తకంలో రాయడానికి గడి లేదు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా రెండు కిలోల పైనే తూగుతుంది. అదే బరువుకి ఆకుకూర కావాలంటే ఒక బుట్ట నిండాలి, అదీ మర్నాటికి వాడిపోతుంది. కూల్‌డ్రింక్‌కి ఫ్రిజ్ అక్కర్లేదు, ఏరే మనుషులు అక్కర్లేదు, నెలల తరబడి మూలన పడి ఉన్నా చెడదు. కాటా దృష్టిలో అంతకన్నా మంచి భోజనం లేదు.

ఒక వేసవిలో శుక్రవారం సాయంత్రం ఫోన్ వచ్చింది. ముప్పై క్రేట్ల టమాటాలు ఉన్నాయి, బాగా పండాయి, రేపు పొద్దున్నకల్లా తీసుకుంటారా అని. మా సూపర్‌వైజర్ కాసేపు ఆలోచించి వద్దన్నారు. అదే రోజు మధ్యాహ్నం గడువు దగ్గరపడ్డ క్రీమ్ బిస్కెట్ల లోడు ఒకటి దించుకున్నాం. ఆయన చెడ్డ మనిషి కాదు. టమాటాలైతే ఒక్కోటీ చేత్తో చూసి ఏరాలి, మెత్తబడినవి పక్కన పెట్టాలి, కుళ్లినవి పారబోయడానికి మళ్లీ బండి మాట్లాడాలి, మిగిలినవి రెండు రోజుల్లో పంచేయాలి. ఇంత చేస్తే చివరికి బోర్డు మీదికి ఎక్కేది నాలుగైదు వందల కిలోలు. బిస్కెట్లైతే ఫోర్క్‌లిఫ్ట్ ఎత్తి పెట్టేస్తుంది. బోర్డు చూసి మార్కులేసే ఉద్యోగంలో ఉంటే నేనూ ఆయన చేసిందే చేసేదాన్ని.

ఫుడ్ బ్యాంక్ అనే ఆలోచన ఎలా పుట్టిందో మీలో చాలామందికి తెలుసు, వార్షికోత్సవాల్లో చెబుతూనే ఉంటారు. 1967లో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన సెయింట్ మేరీస్ చర్చి సాయంతో మొదటిది పెట్టాడు. ఆయనకి ఈ ఆలోచన ఇచ్చింది ఒక తల్లి అంటారు. పదిమంది పిల్లలు, భర్త జైల్లో. సూపర్‌మార్కెట్ వెనక చెత్తడబ్బాల్లో పారేసిన వాటిలోంచి బాగున్నవి ఏరుకొచ్చి పిల్లల్ని సాకేదట. డబ్బు వేసి తీసుకోవడానికి బ్యాంకు ఉన్నట్టు తిండికి కూడా ఒక చోటుంటే బాగుండేదని ఆమె అన్నదట. ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ బ్యాంకు అన్న మాట దగ్గర ఆగిపోతారు. నాకు మాత్రం ఏరుకునేది అన్న మాటే చెవిలో ఉండిపోతుంది. చెత్తడబ్బా దగ్గర కూడా ఆమెకి ఒక హక్కు ఉంది. ఏది తాజాగా ఉంది, ఏది తన పిల్లలు తింటారు, ఏది రేపటిదాకా ఆగుతుంది అని చూసి తీసుకునేది. మనం బ్యాంకు కట్టాం, షట్టరు పెట్టాం, రిజిస్టరు పెట్టాం. ఆ ఏరుకునే హక్కు ఒక్కటి తీసేశాం.

సరుకిచ్చే కంపెనీల సంగతి కూడా తెలియనిదేమీ కాదు. అమెరికాలో 1976లో పన్ను చట్టం మార్చి, ఆహారం దానం చేసే కంపెనీలకు పన్ను మినహాయింపు పెంచారు. ఫ్రాన్స్ 2016లో ఇంకో దారి పట్టింది. 400 చదరపు మీటర్లకు మించిన సూపర్‌మార్కెట్లు అమ్ముడుపోని ఆహారాన్ని కావాలని పాడుచేయకూడదు, దాన్ని పంచే సంస్థలతో ఒప్పందం చేసుకోవాలి అని చట్టం చేసింది. తినదగ్గ తిండి చెత్తలో పడకూడదన్నది మంచి ఉద్దేశమే, కాదనను. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఆహారం 105 కోట్ల టన్నులు. కానీ పారేయడం తగ్గించడం, పేదవాళ్లకి మంచి తిండి అందించడం రెండూ ఒకే పని అన్నట్టు మనం మాట్లాడుతుంటాం. అక్కడే తేడా కొడుతోంది. చెత్తకి పంపితే కంపెనీకి బండి కిరాయి, డంపింగ్ ఖర్చు. మనకి పంపితే ఆ ఖర్చు తప్పుతుంది, పేరొస్తుంది, చాలా చోట్ల పన్ను కూడా తగ్గుతుంది. కాబట్టి కంపెనీ దగ్గర ఎక్కువగా మిగిలేదే మనకి ఎక్కువగా వస్తుంది. ఎక్కువగా మిగిలేది ఎప్పుడూ జనానికి ఎక్కువగా అవసరమైనదే అయి ఉండాలని రూలేం లేదు కదా.

నా సంగతి ఒకటి చెబుతాను. క్యూలో నా రెండో వారం. సంచిలో నూడుల్స్ ప్యాకెట్లు, తియ్యటి సీరియల్ డబ్బా, రెండు బ్రెడ్లు, ఒక డబ్బా సూపు, వాటి పైన అట్టపెట్టెలో ఒక కేకు. ఇంటికొచ్చి పెట్టె తెరిస్తే కేకు మీద గులాబీ రంగు క్రీముతో పుట్టినరోజు శుభాకాంక్షలు, కింద ఎవరిదో ఒక పేరు. ఎవరో ఆర్డరిచ్చి తీసుకెళ్లలేదన్నమాట. మా అబ్బాయికి అప్పుడు ఆరేళ్లు. పేరు కూడబలుక్కుని చదివి, ఈ అమ్మాయి ఎవరమ్మా, మనం పుట్టినరోజుకి వెళ్లలేదుగా అన్నాడు. చెంచాతో ఆ పేరు చెరిపేసి ముక్క కోసి పెట్టాను. వాడు సంతోషంగానే తిన్నాడు. ఆ రాత్రీ కేకే, మర్నాడు పొద్దున్నా కేకే. ఆ వారం మా ఇంట్లోకి ఒక్క కూరగాయ రాలేదు. బోర్డు మీద మాత్రం ఆ కేకు కిలోన్నర ఆహారంగా ఎక్కే ఉంటుంది.

పిల్లలకి కేకు పెట్టకూడదనేంత రాతిగుండె నాకు లేదు. పేదవాడు తీపి తింటే తప్పు పట్టే పెద్దమనుషులంటే నాకు ఒళ్లు మంట కూడా. వారమంతా తీపే ఉంటేనే నా బాధ.

ఇది రుచుల గొడవ కాదు, ఆసుపత్రిదాకా వెళ్లే గొడవ. రోజుకి 400 గ్రాములకు తక్కువ కాకుండా కూరగాయలూ పండ్లూ తినాలని, ఉప్పు 5 గ్రాములు దాటకూడదని, విడిగా కలిపిన చక్కెర మనం తినే శక్తిలో పదో వంతుకి మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన సంచిని ఈ మూడు లెక్కలతో ఒకసారి పోల్చి చూడండి. మొదటిది సున్నా దగ్గర ఆగుతుంది, మిగతా రెండూ గీత దాటిపోతాయి. మన క్యూలో షుగర్ ఉన్నవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. నేను డాక్టర్ని కాను, కానీ సంచి అందుకుంటూ, ఇందులో నేను తినగలిగేది ఏదమ్మా అని అడిగే పెద్దవాళ్లకి జవాబు చెప్పాల్సింది నేనే. ఒకాయన డబ్బాల మీద చిన్న అక్షరాలు చదవలేక నాకు చూపిస్తుంటాడు. నేను చదివి వద్దు, వద్దు, ఇదీ వద్దు అంటాను. ఇద్దరం నవ్వుకుంటాం. ఏడవలేక నవ్వడం అంటారే, అదే.

షుగర్ ఉన్నవాళ్లకి తిండి ఎక్కువైనా ముప్పే, తప్పిపోయినా ముప్పే. కాలిఫోర్నియాలో 2000 నుంచి 2008 దాకా ఆసుపత్రి రికార్డులు పరిశీలించిన వాళ్లకి ఒక విషయం కనబడింది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు షుగర్ బాగా పడిపోయి ఆసుపత్రిలో చేరడం నెల మొదటి వారంకన్నా చివరి వారంలో 27 శాతం ఎక్కువ. డబ్బున్నవాళ్లలో ఈ తేడా లేదు. నెలాఖరుకి చేతిలో డబ్బు అయిపోతుంది, భోజనం తప్పిపోతుంది, మందు మాత్రం వేసుకుంటారు. మన క్యూ ఏ వారంలో పొడుగ్గా ఉంటుందో మీకు తెలుసు. ఆ వారమే మన సంచిలో అన్నిటికన్నా తక్కువ రకాలు ఉంటాయి, సరుకు అయిపోవస్తుంది కాబట్టి.

ఆకలి అంటే కడుపు ఖాళీగా ఉండటమే అనుకున్నంతకాలం కిలోల లెక్క సరిపోతుంది. ఐక్యరాజ్యసమితి సంస్థలు కలిసి వేసిన అంచనా ప్రకారం 2024లో ప్రపంచంలో ఆకలితో ఉన్నవాళ్లు సుమారు 67 కోట్లు. ఆరోగ్యంగా ఉంచే తిండి కొనుక్కోలేనివాళ్లు సుమారు 260 కోట్లు. అంటే దాదాపు నాలుగింతలు. ఈ రెండో అంకెలో ఉన్నవాళ్లలో చాలామంది కడుపు ఏదో ఒకదానితో నిండుతూనే ఉంటుంది, ఎందుకంటే తక్కువ డబ్బుకి ఎక్కువ కడుపు నింపేవి పిండి, నూనె, చక్కెర. పళ్లూ కూరగాయలూ కడుపు నింపే లెక్కన చూస్తే చాలా ఖరీదు. చేతిలో ఉన్న కాస్త డబ్బుతో జనం ఎలాగూ కొనుక్కోగలిగేవి ఆ చౌకవే. మళ్లీ మనమూ అవే ఇస్తున్నాం. వాళ్లు కొనలేనివి మనం ఇవ్వగలిగితే కదా ఈ గోడౌన్‌కి అర్థం.

ఇంకో మాట. మంచి సరుకు ఇచ్చినా సరిపోని సందర్భాలు ఉంటాయి. పోయిన చలికాలంలో ఒకావిడ ఎండు చిక్కుడు గింజల ప్యాకెట్ తిరిగి బల్ల మీద పెట్టింది. మంచి బలం, తీసుకెళ్లండి అన్నాను, పెద్ద తెలిసినదానిలా. గింజలు ఉడకాలంటే గంట పైన పొయ్యి వెలగాలి, నాకు గ్యాస్ వారం రోజులే మిగిలింది, నీళ్లు కాచి పోస్తే అయిపోయేదేమైనా ఉందా అంది. నాకు నోట మాట రాలేదు. ఆవిడ ఉంటున్నది వంటగది లేని ఒక్క గది. బ్రిటన్‌లో ఇలాంటివాళ్ల కోసమే కొన్ని ఫుడ్ బ్యాంకులు విడిగా పెట్టెలు తయారుచేస్తున్నాయి. కెటిల్‌లో నీళ్లు మరిగిస్తే చాలు తినగలిగేవి ఒక పెట్టె, అసలు వేడే అక్కర్లేనివి ఇంకో పెట్టె. పెద్ద ఖర్చేం కాదు. సంచి కట్టేముందు, మీ ఇంట్లో వండుకునే వీలు ఎలా ఉంది అని ఒక్క ప్రశ్న అడగాలి, అంతే. మన రిజిస్టర్‌లో ఇంటి అద్దె నుంచి కుటుంబ సభ్యుల వయసుల దాకా బోలెడు ప్రశ్నలు ఉన్నాయి. పొయ్యి గురించి లేదు.

గోడౌన్ ఎదురుగా బస్టాప్ ఉంది కదా. శనివారం మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత అక్కడి బెంచీ చూడండి. బస్సు కోసం నిలబడ్డవాళ్లు సంచి విప్పి, మోయలేనివీ తినలేనివీ ఒక్కోటీ ఆ బెంచీ మీద పెట్టేసి వెళ్తారు. పారేయడానికి మనసొప్పదు, ఎవరికైనా పనికొస్తుందేమోనని వరసగా సర్ది మరీ పెడతారు. డబ్బా తెరిచే సాధనం ఇంట్లో లేనివాళ్లు వదిలేసిన టిన్నులు, గడువు దాటిన సాస్ సీసాలు, పేరు తెలియని రుచుల పొడులు, కూల్‌డ్రింకులు. ఏడాదిగా ప్రతి శనివారం ఇంటికెళ్లే ముందు ఆ బెంచీ మీద ఏమున్నాయో నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. సీసాలూ డబ్బాలూ లేని వారం ఇంతవరకూ రాలేదు. కూరగాయలు మాత్రం ఒక్కసారి కూడా కనబడలేదు. బోర్డు మీద ఆ బెంచీ సరుకంతా పంచిన కిలోలే.

నిరుడు ఒక మీటింగ్‌కి వాలంటీర్లని కూడా పిలిచారు. సంచి మనం కట్టి ఇవ్వడం కాకుండా అరలు పెడదాం, వచ్చినవాళ్లే చూసి తీసుకుంటారు అని నేనన్నాను. ఒక పెద్దాయన నవ్వి, అడుక్కునేవాడికి అరవై ఆరు కూరలా అన్నారు. అందరూ నవ్వారు. అప్పటికప్పుడు జవాబు తట్టలేదు, తట్టినా చెప్పేదాన్ని కాదేమో. ఇప్పుడు చెబుతాను. సామెత పూర్తిగా చెప్పాలంటే, అడుక్కునేవాడికి అరవై ఆరు కూరలు, వండుకునేవాడికి ఒకటే కూర. పదిళ్లు తిరిగినవాడి గిన్నెలో పది రకాలు పడతాయని. మన సంచి తీసుకునేవాళ్లకి ఆ పాటి భాగ్యం కూడా లేదు, మనం అన్ని ఇళ్లనీ కలిపి ఒకే గోడౌన్ చేశాం, అందులో ఏది మిగిలితే అదే అందరికీ.

అరల పద్ధతి నా బుర్రలో పుట్టిందేం కాదు, చాలా దేశాల్లో నడుస్తోంది. కుటుంబంలో ఎంతమంది అన్నదాన్ని బట్టి పాయింట్లు ఇస్తారు. దొరకడం కష్టమైనవి తీసుకుంటే ఎక్కువ పాయింట్లు ఖర్చవుతాయి, దండిగా ఉన్నవాటికి తక్కువ. కూరగాయలు కంటికెదురుగా, చేతికందే ఎత్తులో పెడతారు. ఎవరైనా బిస్కెట్లే తీసుకుంటారా? తీసుకుంటే తీసుకోనివ్వండి. నెలకోసారి నేనూ తీసుకునేదాన్ని. అమెరికాలో 2020లో పోషకాహార నిపుణులు ఫుడ్ బ్యాంకుల కోసమే మార్గదర్శకాలు రాశారు. కొవ్వు, ఉప్పు, కలిపిన చక్కెర చూసి సరుకుని మూడు వరసలు చేయడం, తరచుగా తినదగ్గవి, అప్పుడప్పుడూ తినదగ్గవి, అరుదుగా తినదగ్గవి. కొన్నిచోట్ల అరలకి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు చీటీలు అంటిస్తున్నారు. చదువు రానివాళ్లకి కూడా అర్థమవుతుంది. ఇది చేయడానికి మనకి కావాల్సింది మూడు రంగుల కాగితం.

ఎంచుకోనిస్తే గందరగోళం అవుతుందని మీ భయం. గోడౌన్ల మధ్యే ఇలాంటి ప్రయోగం ఒకటి జరిగింది, దాని సంగతి మీకు ఆసక్తిగా ఉండొచ్చు. ఇప్పుడు ఫీడింగ్ అమెరికా అని పిలిచే సంస్థ అమెరికాలోని చాలా ఫుడ్ బ్యాంకులకి కేంద్రం. 2005 దాకా ఎవరి వంతు వస్తే వాళ్లకి ఫోన్ చేసి ఈ లోడు మీది అనేవాళ్లు. లెక్క అంతా బరువు మీదే. దాంతో బంగాళాదుంపలు విరగపండే ఇడాహో రాష్ట్రానికి బంగాళాదుంపలు పంపించే పరిస్థితి ఉండేదని చెప్పుకుంటారు. 2005లో షికాగో విశ్వవిద్యాలయం ఆర్థికవేత్తల సాయంతో పద్ధతి మార్చారు. ఒక్కో బ్యాంకుకి అవసరాన్ని బట్టి షేర్లు అనే ఉత్తుత్తి డబ్బు ఇచ్చారు, కావాల్సిన లోడుని ఆ షేర్లతో వేలంలో పాడుకోవచ్చు. కిలోకి కిలో సమానం కాదని మొదటిసారి అందరికీ కళ్లకు కట్టింది. ఎవరికీ పట్టని సరుకుకి సున్నాకన్నా తక్కువ ధర కూడా పలికేది, అంటే తీసుకెళ్లినవాళ్లకే ఎదురు షేర్లు ఇచ్చేవారు. గోడౌన్లకి ఎంచుకునే అవకాశం ఇస్తే ఇంత మంచి జరిగితే, సంచి పట్టుకున్న మనిషికి ఇస్తే ఏం మునిగిపోతుంది?

కాదంటే దాతలు అలుగుతారు అని ఇంకో మాట వినిపిస్తుంది. అలగొచ్చు కొందరు. వాషింగ్టన్‌లోని క్యాపిటల్ ఏరియా ఫుడ్ బ్యాంక్ 2016లో దుకాణాలకి చెప్పేసింది, పెద్ద పెద్ద కేకులు, పండగలకి మిగిలిన మిఠాయిలు, తియ్యటి కూల్‌డ్రింకులు ఇక తీసుకోబోమని. మూతపడలేదు, ఇప్పటికీ నడుస్తోంది. ఇచ్చేవాళ్లకి ఏం కావాలో చెప్పకపోతే వాళ్లకి తెలిసేదెలా? ఇంట్లో పెళ్లికి ఎవరు ఏం ఇస్తున్నారని పదిమందిని అడిగి చూసుకుంటామే, ఇక్కడ అడగడానికి మొహమాటం దేనికి.

నిజమైన అడ్డంకి మాత్రం చల్లగది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. తాజా సరుకు తీసుకోవాలంటే కోల్డ్ రూమ్ కావాలి, దాని కరెంటు బిల్లు ప్రతి నెలా కట్టాలి, ఏరడానికి మనుషులు కావాలి. దీనికి డబ్బు అవుతుంది. గ్రాంటు అడిగేటప్పుడు కిలోకి ఇంత ఖర్చు అని చూపించే అలవాటు ఉంది కాబట్టి, టమాటాలు బిస్కెట్లకన్నా దండగలా కనిపిస్తాయి. ఈ అలవాటు మాన్పించాల్సింది గ్రాంటు ఇచ్చే అధికారులే. మీ దరఖాస్తు ఫారంలో పంచిన బరువు అనే గడి తీసేసి, పంచినదాంట్లో కూరగాయలూ పండ్లూ పప్పులూ ఎంత వంతు, తిరిగొచ్చింది ఎంత, అడిగినవి దొరక్క వెనక్కి వెళ్లినవాళ్లు ఎంతమంది అని మూడు గడులు పెట్టండి. ఏడాది తిరక్కుండా గోడౌన్ల రూపు మారకపోతే నన్నడగండి. ఫారంలో గడి ఏదుంటే జనం దానికోసమే పనిచేస్తారు, ఇది ఉద్యోగం చేసిన ప్రతివాళ్లకీ తెలిసిన సంగతే.

వేళల గురించి కూడా ఒక మాట చెప్పి వదిలేస్తాను. శనివారం పదింటి నుంచి పన్నెండు దాకా అంటే, దుకాణాల్లో, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు రాలేరు. సాయంత్రం ఒక్క రోజు తెరిచినా చాలు.

నగరపాలక అధికారులకి ఇంకా కొంచెం చెప్పాలి. ఫుడ్ బ్యాంకుకి గోడౌన్ ఇచ్చాం, మా వంతు అయిపోయింది అనుకోకండి. బ్రెజిల్‌లో బెలో హొరిజోంటే అనే నగరం 1993లో ఇంకో రకంగా ఆలోచించింది. మంచి తిండి దొరకడం పౌరుడి హక్కు, అది చూసుకోవడం నగరం పని అని ప్రకటించి, దానికోసం విడిగా ఒక శాఖ పెట్టింది. జనం బాగా తిరిగే చోట్ల నగరం స్థలాలు వ్యాపారులకి ఇచ్చింది, సుమారు ఇరవై రకాల కూరగాయలూ పండ్లూ నగరం చెప్పిన తక్కువ ధరకి అమ్మాలి, మిగతావి మీ ఇష్టం అని షరతు పెట్టింది. వ్యాపారికి మంచి చోటు దొరికింది, జనానికి చౌకగా కూరగాయలు దొరికాయి. ప్రజా భోజనశాలలు తెరిచింది, అక్కడ పేదవాడినని కాగితం చూపించక్కర్లేదు, ఆఫీసువాళ్లూ కూలీలూ పక్కపక్కనే కూర్చుని తింటారు. దీనికంతటికీ అయిన ఖర్చు నగర బడ్జెట్‌లో 2 శాతం లోపే. 2009లో ఈ విధానానికి అంతర్జాతీయ పురస్కారం కూడా వచ్చింది. నాకు అందులో అన్నిటికన్నా నచ్చింది ఆ కాగితం అడగకపోవడమే. మా అబ్బాయిని పక్కన పెట్టుకుని మూడుసార్లు జీతం కాగితాలు, అద్దె కాగితాలు చూపించిన రోజు ఇంకా గుర్తుంది. వాడికి అర్థం కాదనుకున్నాను. ఇంటికొచ్చాక బొమ్మల షాపు ఆట ఆడుతూ, మీ కాగితాలేవి అని నన్నడిగాడు.

మన క్యూలో ఉన్నవాళ్లలో చాలామంది పనిచేస్తున్నవాళ్లే. పొద్దున ఒక చోట, సాయంత్రం ఒక చోట. జీతం వస్తుంది, అద్దె పట్టుకుపోతుంది. అద్దె ఆపితే సామాన్లు రోడ్డు మీద పెడతారు, ఫీజు ఆపితే పిల్లాణ్ని ఇంటికి పంపిస్తారు. తిండి ఒక్కటే ఎవరికీ తెలియకుండా కోసుకోగలిగేది. అందుకే కోత ఎప్పుడూ అక్కడే పడుతుంది. దీన్ని ఏ ఫుడ్ బ్యాంకూ సరిచేయలేదు, ఎంత మంచి అరలు పెట్టినా. కెనడాలో మొదటి ఫుడ్ బ్యాంక్ 1981లో ఎడ్మంటన్‌లో పెట్టినప్పుడు, ఈ గడ్డుకాలం దాటేదాకానే అనుకున్నారు. ఇప్పటికీ ఉంది. జీతాల గురించి, అద్దెల గురించి మాట్లాడాల్సిన మీటింగ్‌లో ఎవరైనా లేచి, ఫుడ్ బ్యాంకులు ఉన్నాయి కదా, ఈ ఏడాది ఇన్ని వేల కిలోలు పంచాయి అని మన బోర్డు మీద అంకె చూపించారనుకోండి. ఆ అంకె అప్పుడు మన క్యూలో ఉన్నవాళ్లకే ఎదురు తిరుగుతుంది. వాళ్లకి చేసినదానికన్నా ఎక్కువ చేసినట్టు చూపిస్తుంది.

కమిటీ పెద్దలకి చివరిగా నా విన్నపం. వచ్చే నెల మీటింగ్‌లో నాకు పది నిమిషాలు ఇవ్వండి. బెంచీ నోట్‌బుక్ తీసుకొస్తాను. ఏ వారం ఏం తిరిగొచ్చిందో తేదీలతో సహా ఉంది, అక్షరాలు బాగోవు గానీ చదవొచ్చు. వీలైతే మీటింగ్ ఒంటిగంటకి పెట్టి, ముందు అందరం కలిసి బస్టాప్ దాకా వెళ్లొద్దాం. పైకొచ్చాక బోర్డు మీద ఈ నెల అంకె వేయకుండా ఖాళీగా ఉంచండి. అక్కడ ఏం రాయాలో క్యూలో ఉన్నవాళ్లలో ఇద్దర్ని పిలిచి అడుగుదాం. చిక్కుడు గింజలు వెనక్కిచ్చిన ఆవిడ వస్తానంది.

ఇట్లు,
శనివారం బల్ల దగ్గర సరుకు వేరుచేసే ఒక వాలంటీర్